కృష్ణ ఒడ్డు గాలికి ఆగే గ్రిల్ కోసం

మాది మిర్యాలగూడ. నేను రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాను. కార్తీకంలో ఒక పూట వనభోజనాలకు, సంక్రాంతి దాటి మిల్లులో సందడి తగ్గాక రెండు రోజుల క్యాంపింగ్‌కు నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డుకు పోవడం మా ఇంటి అలవాటు. నేను, నా భార్య, పిల్లలు, అమ్మ, చెల్లె, బావ, మేనల్లుడు, అందరం కలిసే పోతాం. టెంట్లు, దుప్పట్లు, లైట్లు ఒక్కొక్కటిగా అమరాయి. కాల్చుకుని తినే ఏర్పాటు ఒక్కటే ఏళ్ల తరబడి కుదరలేదు. ఈసారి దాని సంగతి తేల్చుకోవాలని కూర్చున్నాం. గ్రిల్ కొనే ముందు ఏం చూడాలని అడిగేవాళ్లు మా చుట్టూ చాలామందే ఉన్నారు. అందుకే మేం ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ తేలామో మొత్తం రాస్తున్నాను.

షాపులో అందరూ మొదట జాలీ ఎంత పెద్దదో చూస్తారు, తర్వాత మూత ఉందా, మడతపడుతుందా అని అడుగుతారు. నేను చూడమనేది కింద బొగ్గులు కూర్చునే గదిని. దాని లోతెంత, రేకు మందమెంత, గాలి ఎటు నుంచి లోపలికి పోతుంది? ఈ మూడూ సరిగ్గా ఉంటే మిగతావన్నీ సర్దుకోవచ్చు. ఇవి లేకపోతే ఎంత ఖరీదు పెట్టినా కోడి కాలు పైన మాడి లోపల పచ్చిగానే ఉంటుంది.

ఇదివరకు మాది అందరి పద్ధతే. మూడు రాళ్లు, మీద జాలీ ముక్క. రాళ్లతో మొదటి చిక్కు ఏమిటంటే, నీటి అంచున ఉండే రాయి లోపల తడి పట్టి ఉంటుంది. నిప్పు సెగకు ఆ తడి ఆవిరై రాయి టప్పున పగిలి పెచ్చులు ఎగురుతాయి. పిల్లలు చుట్టూ తిరిగే చోట అది మంచిది కాదు. రెండోది జాలీ. హార్డ్‌వేర్ షాపులో తెల్లగా మెరిసే వెల్డ్‌మెష్ ముక్క కొట్టించుకుని చాలామంది మాంసం దానిమీదే కాలుస్తారు. దానికి ఉండేది జింకు పూత. జింకు 419 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, విసిరి ఎర్రగా చేసిన బొగ్గు అంతకంటే చాలా వేడి. ఆ పూత కాలి లేచే పొగ పీలిస్తే వణుకు, జ్వరం రావచ్చు. జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపులు అతికే వెల్డింగ్ వాళ్లకు ఈ జ్వరం బాగా తెలుసు. దయచేసి జీఐ జాలీ మీద తిండి కాల్చకండి. ఇంట్లో పాత కూలర్ జాలీ ఉందని తీసుకుపోయే వాళ్లకు కూడా ఇదే మాట.

మొదట చూసింది మడత గ్రిల్. ఆన్‌లైన్‌లో వెయ్యికీ రెండు వేలకూ మధ్య దొరికే బ్రీఫ్‌కేస్ మోడల్. మిల్లులో నాతో పనిచేసే అతని దగ్గర ఒకటి ఉంటే ఒక ఆదివారం అడిగి తెచ్చి మా డాబా మీద కాల్చి చూశాం. తెరిస్తే బొగ్గుల గది మూడు అంగుళాల లోతు. బొగ్గు పోశాక జాలీకి, నిప్పుకు మధ్య రెండు అంగుళాలు కూడా మిగల్లేదు. మక్క కంకులు బ్రహ్మాండంగా కాలాయి. ఉల్లిగడ్డ, క్యాప్సికం, పనీర్ ముక్కలు కూడా బాగానే వచ్చాయి. లెగ్ పీసులు పెట్టగానే కొవ్వు కారి నిప్పు మీద పడి మంట లేచింది, పైచర్మం నల్లబడింది, ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది. జాలీని ఎత్తు పెంచే వీలు లేదు. బొగ్గును ఒక పక్కకు నెట్టి రెండో పక్క చల్లగా ఉంచుకుందామంటే అంత జాగా లేదు. గంట గడిచేసరికి అడుగు రేకు మధ్యలో ఉబ్బింది. రేకు పల్చనైతే అంతే. బొగ్గు ఉన్న చోట కాలి సాగుతుంది, అంచులు చల్లగా ఉండి కదలనివ్వవు, ఆ పెనుగులాటలో రేకు వంకర పోతుంది.

అయినా దాన్ని తీసిపారేయను. ఇద్దరు బండి మీద పోయి కంకులో, నాలుగు సీకుల పనీరో కాల్చుకుని వచ్చేదైతే అదే సరైన వస్తువు. బ్యాగులో పడుతుంది, బరువుండదు. మా ఇంటిమందికి అది చాలదు.

రెండోది మా బావ గ్యాస్ గ్రిల్. బావ వాళ్లది నల్లగొండ. చేతిలో పట్టేంత బ్యూటేన్ డబ్బా పక్కన బిగిస్తే వెలిగే రకం. ఒక్కో డబ్బాలో 220 గ్రాముల గ్యాస్ ఉంటుంది. బూడిద లేదు, మసి లేదు, ఐదు నిమిషాల్లో వేడెక్కుతుంది. ఇంటి వరండాలో అయితే దాన్ని మించింది లేదు. బావ దాని తరఫున గట్టిగానే వాదించాడు. ‘బొగ్గులు రాజేసేలోపు నేను రెండు వాయిలు దించుత’ అన్నాడు. అది నిజమే. కానీ బ్యాక్‌వాటర్ ఒడ్డున పొద్దు గూకే వేళకు నీళ్ల మీద నుంచి గాలి లేస్తుంది. ఆ గాలికి గ్యాస్ మంట ఒక పక్కకు వాలిపోతుంది, సగం పెనమే కాలుతుంది. గాలి రాకుండా చుట్టూ అట్టలో రేకులో కడదామంటే వేడి వెనక్కి తిరిగి డబ్బాకే తగులుతుంది, అది ప్రమాదం. ఆ డబ్బాల మీదే 50 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచవద్దని రాసి ఉంటుంది. మా దిక్కు ఎండాకాలం అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల ఎంత కాగుతుందో కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. పైగా ఒడ్డున గ్యాస్ అయిపోతే దేవరకొండలో దొరుకుతుందన్న భరోసా లేదు. బొగ్గు అట్లా కాదు, ఊరూరా దొరుకుతుంది.

ఐదు కిలోల చిన్న సిలిండర్ పెట్టి పెద్ద బర్నర్ గ్రిల్ నడిపితే? అది కూడా ఆలోచించాం. దానితో గాలి బెడద కొంత తగ్గుతుంది గానీ కారులో పిల్లలతో పాటు సిలిండర్ పెట్టడానికి నా భార్య ఒప్పుకోలేదు. నాకూ ఇష్టం లేదు. ఆ మాట అక్కడితో వదిలేశాం.

మూడోది నాకు నిజంగా నచ్చింది. గుండ్రటి కెటిల్ గ్రిల్. పని మీద హైదరాబాద్ పోయినప్పుడు ఒక షాపులో చాలాసేపు దాని ముందు నిలబడి మూత తీసి, పెట్టి, కింద గాలి తలుపు తిప్పి చూశాను. దీని పుట్టుక కూడా గాలి గొడవతోనే. 1952లో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే ఇనుప పని ఫ్యాక్టరీలో పనిచేసే జార్జ్ స్టీఫెన్‌కు ఇంటి పెరట్లో కాల్చుకుంటుంటే గాలికి బూడిద లేచి మాంసం మీద పడేది. నీళ్ల మీద తేలే గుర్తు బోయాలు ఆ ఫ్యాక్టరీలోనే తయారయ్యేవి. ఒక బోయాను అడ్డంగా రెండు ముక్కలు చేసి, కింద ముక్కలో బొగ్గు పోసి, పై ముక్కను మూతగా పెట్టాడు. ఆ ఆకారమే ఇప్పటికీ నడుస్తోంది. లోతు ఉంది, గాలికి అడ్డం ఉంది, మూత వేసి గాలి తలుపు సగం మూస్తే మంట లేవదు, లోపలంతా ఒకే రకంగా ఉడుకుతుంది. కోడిని ముక్కలు కొట్టకుండా నిండుగా కాల్చాలంటే దీనికి సాటి లేదు.

మరి ఎందుకు తేలేదు? సరుకు మంచి బ్రాండ్ అయితే ధర మా లెక్క దాటిపోయింది. తక్కువ ధరవి చూస్తే కాళ్లు సన్నటి కడ్డీలు, మూత సరిగ్గా కూర్చోదు, మూత కూర్చోని కెటిల్‌కు అర్థం లేదు. పైన గుండ్రంగా ఉండటం వల్ల సీకులు పెట్టడం కూడా ఇబ్బంది. కారు డిక్కీలో సగం అదే ఆక్రమిస్తుంది. టెంట్లు ఎక్కడ పెట్టాలి?

అప్పుడు అమ్మ ఒక మాట అడిగింది. ‘కార్తీకంల నేను నీసు ముట్టను గద, నా వంకాయ మీరు కోడి కాల్చిన దాని మీదనే పెడ్తరా?’ ఏ షాపువాడూ మమ్మల్ని ఈ ప్రశ్న అడగలేదు. కానీ మా ఇళ్లల్లో ఇది లేకుండా తిండి ఏర్పాటు ఉండదు. కార్తీకంలో అమ్మ, శనివారాలు చెల్లె నీసు తినరు. ఒక్క జాలీ ఉన్న గ్రిల్ అయితే ఎవరో ఒకరు కాసేపు పక్కన కూర్చోవాలి. అప్పుడే జాలీ రెండు ముక్కలుగా ఉండాలని, వాటిని విడివిడిగా తీసి కడిగే వీలు ఉండాలని నిర్ణయం అయిపోయింది. అట్లాంటిది షాపులో మాకు కనపడలేదు. తయారు చేయించుకుందామనే ఆలోచన అక్కడ పుట్టింది.

మిర్యాలగూడలో రైస్‌మిల్లులు ఎన్నో, వాటి ఎలివేటర్లు, హాపర్లు అతికే వెల్డింగ్ షాపులు అన్ని. మా మిల్లు పని చేసే వెల్డింగ్ అన్న దగ్గరకు ఒక సాయంత్రం నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకుని పోయాను. పొడవు 18 అంగుళాలు, వెడల్పు 10, లోతు 7. ఆయన మొదట లోతు దగ్గర ఆగాడు. ‘కుంపటికి గింత లోతెందుకు సార్?’ అన్నాడు. చెప్పాను: అడుగున బొగ్గు రెండున్నర అంగుళాల మందం, దాని మీద నాలుగు అంగుళాల ఖాళీ, ఆ పైన జాలీ. గోడలు ఎత్తుగా ఉంటే గాలి నేరుగా నిప్పును కొట్టదు, మనం వదిలిన చోట నుంచే లోపలికి పోతుంది. ఆయన తల ఊపి, ‘అయితె రేకు 16 గేజ్ పెట్టాలె, పల్చటిది నిప్పుకు ఆగదు’ అన్నాడు. 16 గేజ్ అంటే 1.6 మిల్లీమీటర్లు. రేకు ఒక్కటే నాలుగున్నర కిలోలకు పైన తూగుతుందని అక్కడే లెక్క వేశాను. జాలీలు, కాళ్లు కలిపితే ఏడు కిలోల దాకా. కారులో పోయేవాళ్లకు ఇది బరువు కాదు. నడిచి గుట్ట ఎక్కేవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు.

ఆయన పనితనం దగ్గర నుంచి చూడటం నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన భాగం. ఐదు పలకలు కోసి నాలుగు మూలలా, అడుగు చుట్టూ అతుకుతాడనుకున్నాను. అట్లా చేయలేదు. ఒకే రేకును పరిచి, నాలుగు మూలల్లో చతురస్రాలు కోసి తీసేసి, గోడలను పైకి మడిచాడు. అప్పుడు అతుకు పడేది నాలుగు నిలువు మూలల్లోనే. అడుగున, అంటే నిప్పు ఎక్కువ కాల్చే చోట, అతుకే లేదు. పై అంచును బయటికి అర అంగుళం మడిచాడు. దానివల్ల గోడ గట్టిపడింది, చెయ్యి తెగే పదును కూడా పోయింది. మూలల్లో అతికిన చోట్ల గ్రైండర్ పెట్టి నున్నగా చేసి, చేత్తో తడిమి చూసి, మళ్లీ ఒక మూల దగ్గర గ్రైండర్ పెట్టాడు. చెప్పకపోయినా అంత శ్రద్ధ తీసుకునే మనిషి దొరకడం మా అదృష్టం.

గాలి బెజ్జాల దగ్గర కొంత చర్చ జరిగింది. అడుగున పెడదామన్నాడు ఆయన. అడుగున పెడితే నిప్పు కణికలు కింద గడ్డి మీద రాలతాయి, బూడిద పేరుకుంటే బెజ్జాలు మూసుకుపోతాయి. అందుకని రెండు పొడుగు గోడలకు, అడుగు నుంచి ఒక అంగుళం పైన, వేలు పట్టేంత బెజ్జాలు వరసగా వేయించాను. వాటి మీద జరిపే పట్టీ, ఒక్కో గోడకు ఒకటి. గాలి ఎటు నుంచి వస్తే అటు పట్టీ మూసి, రెండో వైపు తెరిచి పెట్టుకుంటాం. లోపల అడుగుకు కొద్దిగా పైన బొగ్గు కూర్చోవడానికి మందపాటి చువ్వల పీట పెట్టాడు, బూడిద దాని సందుల్లోంచి కిందికి జారిపోతుంది. బొగ్గుకు కింద నుంచి గాలి అందుతుంది.

జాలీకి 6 మిల్లీమీటర్ల స్టీలు చువ్వలు తీసుకున్నాం. మెట్ల రెయిలింగులు చేసే షాపులో దొరుకుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 అనే రకం అడిగాను. అయస్కాంతం అంటకపోతే 304 అని చాలామంది అనుకుంటారు, కానీ 202 రకానికి కూడా అయస్కాంతం అంటదు. ఆ పరీక్షతో తేలేది 430 రకమా కాదా అనేదే. కాబట్టి నమ్మకమైన షాపు, బిల్లు మీద రకం రాయించుకోవడం తప్ప ఇంకో దారి లేదు. రెండు జాలీ ముక్కలకూ అంచుల్లో రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలించాం. వేడికి ఇనుము సాగుతుంది కదా, బిగుతుగా కొడితే నిప్పు మీద ఉన్నప్పుడు బయటికి రాదు. అమ్మ జాలీకి పిడి దగ్గర చిన్న రింగు అతికించాం, ఏది ఎవరిదో చీకట్లో చేత్తో తడిమినా తెలియాలని.

కాళ్లు నాలుగు. ఒక్కో కాలూ పైపులోకి దూరి, చేత్తోనే తిప్పి బిగించే బోల్టుతో ఎత్తు మారుతుంది. కృష్ణ ఒడ్డు ఎక్కడా సమంగా ఉండదు. ఒక అడుగు బండ మీద, ఇంకో అడుగు ఇసుకలో. ఒక కాలు పొట్టిగా, ఇంకోటి పొడుగ్గా పెట్టుకుంటేనే గ్రిల్ కదలకుండా నిలుస్తుంది. నిప్పు నిండిన పెట్టె పిల్లల మధ్య ఊగకూడదు.

రంగు వేయనా అని అడిగితే వద్దన్నాను. రంగు కాలి పొగ తిండికి పడుతుంది. ఇంటికి తెచ్చాక మొదటిసారి ఖాళీ గ్రిల్‌లో నిండా బొగ్గు పోసి గంటన్నర కాల్చాం. కొత్త రేకుకు ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, మొదట అది నీలం పొగలు కక్కింది, తర్వాత ఆగిపోయింది. చల్లారాక లోపల బయట పల్లి నూనె పల్చగా పూసి ఇంకోసారి కాల్చాం. ఇనుప పెనానికి ఇంట్లో చేసేది ఇదే కాబట్టి నా భార్య నన్ను జరగమని తనే చేసింది. మిగిలిన రేకు ముక్కతో ఆయన బొగ్గు రాజేసే గొట్టం కూడా చుట్టి ఇచ్చాడు. కింద కాగితం, పైన బొగ్గు. అగ్గిపుల్ల గీస్తే పదిహేను ఇరవై నిమిషాల్లో పైబొగ్గు అంచులు తెల్లబడతాయి. పెట్రోలు, కిరోసిన్ పోయడం ఎందుకు? తిండికి ఆ వాసన, మనిషికి ఆ ప్రమాదం, రెండూ అక్కర్లేదు.

బొగ్గు గురించి ఒక మాట. మహబూబ్‌నగర్, నల్లగొండ దిక్కు చెరువు శిఖాల్లో, బీళ్లలో సర్కారు తుమ్మ విపరీతంగా పెరుగుతుంది, దాన్ని బట్టీ పెట్టి బొగ్గు చేస్తారు. ఇస్త్రీ బండ్ల వాళ్లు వాడేది ఎక్కువగా అదే. మేం కూడా అదే కొంటాం. గట్టి బొగ్గు, వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. తడి పట్టిందంటే మాత్రం చిటపటలాడి నిప్పురవ్వలు ఎగురుతాయి. అందుకే పాలిథిన్ సంచిలో కట్టి, ఆ పైన మా మిల్లు బియ్యం సంచిలో పెడతాం. కిలో మాంసానికి కిలో బొగ్గు లెక్క, గాలి ఎక్కువ ఉండే రోజున ఇంకో అరకిలో.

మొదటి ప్రయాణం నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీకి. హాలియా, కొండమల్లేపల్లి, దేవరకొండ మీదుగా పోయాం. అక్కడ బ్యాక్‌వాటర్ దగ్గర చేపలు పట్టేవాళ్లు అప్పుడే తీసిన చేపలు అమ్ముతారు. కొర్రమీను తీసుకున్నాం. తెలంగాణ రాష్ట్ర చేప అదే, సన్నముళ్లు తక్కువ, కండ గట్టిది, గ్రిల్ మీద విరగదు. రవ్వ, బొచ్చె అయితే పులుసుకే బాగుంటాయని నా అభిప్రాయం, సన్నముళ్లు ఏరుకుంటూ చీకట్లో తినడం పిల్లలకు కష్టం. గాట్లు పెట్టి, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, చిక్కటి చింతపండు రసం పట్టించి ఒక అరగంట వదిలేశాం. చేప జాలీకి అంటుకోకుండా ఉండాలంటే మూడు పనులు: జాలీ బాగా కాలాలి, ఉల్లిగడ్డ సగం ముక్కను నూనెలో ముంచి జాలీ రుద్దాలి, చేప తనంతట తను వదిలే దాకా కదిలించకూడదు. మా మేనల్లుడు ప్రతి నిమిషానికీ తిప్పబోతే చెల్లె చెయ్యి పట్టుకుంది.

పొద్దు గూకింది, అనుకున్నట్టే గాలి లేచింది. పక్కన ఇంకో గుంపు వాళ్ల గ్రిల్ మీద నుంచి బూడిద తెరలు తెరలుగా లేస్తోంది. మేం గాలి వైపు పట్టీ మూసి, రెండో వైపు సగం తెరిచాం. నిప్పు ఎర్రగా, నిలకడగా ఉండిపోయింది. బొగ్గంతా ఒక పక్కకు లాగి, లెగ్ పీసులను ముందు నిప్పు మీద రంగు వచ్చేదాకా తిప్పి, తర్వాత చల్లటి పక్కకు జరిపి పైన స్టీలు తపేలా బోర్లించాం. వేడి ఎంత ఉందో తెలుసుకోవడానికి అరచెయ్యి జానెడు ఎత్తున పట్టి లెక్కపెట్టుకోవాలి. రెండు మూడు సెకన్లకే తీసేయాల్సి వస్తే చేపకు, కార్జానికి సరిపడే సెగ. ఐదారు సెకన్లు ఓర్చుకోగలిగితే కోడికి. ఎముక పక్కన 74 డిగ్రీల సెల్సియస్ వస్తే కోడి ఉడికినట్టు. బావ చిన్న వంట థర్మామీటర్ తెచ్చాడు, గుచ్చి చూసి ‘అయింది, దించు’ అన్నాడు. లోపల ఎర్రదనం లేదు, పైన మాడలేదు. అమ్మ తన జాలీ మీద వంకాయ కాల్చుకుని, పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ వేసి చేత్తో పిసికి జొన్నరొట్టెలోకి పచ్చడి చేసింది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి ముందు అయిపోయింది ఆ పచ్చడే.

రాత్రి చలి పెరిగాక గ్రిల్‌లో ఇంకా నిప్పు ఉంది. టెంటు నోటి దగ్గర పెడితే వెచ్చగా ఉంటుందని బావ అన్నాడు. నేను గట్టిగా వద్దన్నాను. ఇక్కడ కూడా అంతే గట్టిగా చెబుతున్నాను. పొగ రాని బొగ్గు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్న మనిషికి తెలిసేలోపు ప్రాణం తీస్తుంది. టెంట్లో, కారులో, తలుపులు మూసిన గదిలో బొగ్గు నిప్పు పెట్టుకోవద్దు, జిప్పు సగం తెరిచినా సరే. ఇంకో దుప్పటి కప్పుకోండి.

నిప్పు ఆర్పడానికి నీళ్లు పోయం. కాలిన రేకు మీద నీళ్లు పడితే వంకర పోతుంది, ఆవిరి ముఖానికి కొడుతుంది. గట్టి మూత ఉన్న స్టీలు పిండి డబ్బా ఒకటి తీసుకుపోతాం. పటకారతో మిగిలిన కణికలన్నీ అందులో వేసి మూత బిగిస్తే గాలి అందక ఆరిపోతాయి, మళ్లీ వాటినే వాడుకోవచ్చు. కొందరు నిప్పును ఇసుకలో పూడ్చి పోతారు. ఇసుక కింద నిప్పు గంటల తరబడి కాలుతూనే ఉంటుంది. తెల్లారి ఆ దారినే గొర్రెల కాపరులు, చేపల వాళ్లు ఉత్త కాళ్లతో నడుస్తారు, వాళ్ల పిల్లలు ఆడతారు. ఆ పని మాత్రం ఎవరూ చేయవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. మేం బూడిద చల్లారాక సంచిలో ఇంటికి తెచ్చుకుంటాం.

గ్రిల్ ఇంట్లోనే వదిలి పోయే ప్రయాణాలు కూడా ఉన్నాయి. మల్లెల తీర్థం, ఫర్హాబాద్, ఉమామహేశ్వరం వైపు పోతే దాన్ని కారెక్కించం. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం అది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, మాఘం దాటాక నల్లమలలో గడ్డి, వెదురు, ఆకులు ఎండి గలగలమంటుంటాయి. ఒక్క రవ్వ చాలు. కాలేది చెంచులు బతికే అడవి. అటు పోయేటప్పుడు ఇంట్లోనే పులిహోర, సకినాలు, ఉడికించిన గుడ్లు కట్టుకుపోతాం. సోమశిల వైపు పోయినప్పుడు కూడా ఒడ్డున ఎక్కడ నిప్పు పెట్టవచ్చో అక్కడి వాళ్లను అడిగాకే గ్రిల్ దించుతాం.

ఇప్పటికి గ్రిల్ బాగుంది. అడుగు వంకర పోలేదు. మూలల్లో ఒక చోట తుప్పు మచ్చ కనిపిస్తే కొబ్బరి పీచుతో రుద్ది పల్లి నూనె పూశాం. వాడిన ప్రతిసారీ గోరువెచ్చగా ఉన్నప్పుడే బూడిద దులపాలి, బూడిద తేమను పీల్చి రేకును తినేస్తుంది. ఇక మిగిలింది మూత. తపేలా బోర్లించడం చిన్న కోళ్లకు సరిపోతోంది గానీ మటన్ చాప్స్ నిదానంగా ఉడికించాలంటే సరైన మూత కావాలి. వెల్డింగ్ అన్నతో మాట్లాడాను. మధ్యలో కొద్దిగా పైకి లేచి, గాలి పోయే తలుపు ఒకటి ఉండి, ఒక వైపు మడత బందులతో తెరుచుకునేట్టు చేద్దామన్నాడు. బందులు వద్దు, విడిగా తీసేదే కావాలన్నాను, అమ్మ జాలీ వైపు తెరిచి ఉంచుకోవాలి కదా. అయితే మూతను కూడా రెండు ముక్కలుగానే చేద్దామని ఆయనే అన్నాడు. ఉగాది లోపు ఇస్తానన్నాడు.